లాంఛనమునకు అధికార మెవ్వరిది?

ఇంగ్లండునందు ధనవంతుడు తన కోరిన భవనమును కొనవచ్చును. కాని డాలుపై సింహమునో గరుడునో వ్రాయించి, ఇది మా వంశలాంఛనమని చెప్పుకొనుటకు మాత్రము అధికారపత్రము కావలయును. అట్టివాడు మొదట ఎర్ల్ మార్షలునకు విజ్ఞాపన చేసికొనవలెను. నార్‌ఫోక్ ప్రభువుల వంశమున పరంపరగా వచ్చుచున్న పదవి యది. ఆయన అనుజ్ఞ యిచ్చిన పిమ్మట గార్టరు మొదలగు లాంఛనాధిపతులు రుసుము గైకొని, తమ ముద్రలు వేసి పత్రము నిత్తురు.

వీరికీ యధికార మిచ్చినదెవరు? పార్లమెంటు కాదు. వీరి సంస్థయగు కాలేజి ఆఫ్ ఆర్మ్స్‌నకు మూడవ రిచర్డు 1484లో సన్నదు నిచ్చెను. 1555లో మేరీ ఫిలిప్పులు మరల నిచ్చిరి. గౌరవములన్నియు రాజునుండియే పుట్టునని ఆంగ్లేయుల సిద్ధాంతము. ఆ రాజాధికారమున నొక భాగమే వీరి చేతిలో నున్నది.

దీనికై ప్రత్యేక న్యాయస్థానమును గలదు. అది రెండు శతాబ్దములకు పైగా నిద్రించి 1954లో మేల్కొనెను. తన లాంఛనము నొక నాటకశాలవారు రంగస్థలముపైనను, తమ ముద్రయందును వాడుచున్నారని మాంచెస్టరు నగరపాలక సంఘము వ్యాజ్యెము తెచ్చెను. గాడర్డు ప్రభువు నగరపక్షముననే తీర్పు చెప్పెను. కాని ఇట్టి వ్యాజ్యెములు మరల పెక్కు వచ్చునేని, ఈ న్యాయస్థానపు అధికారమును, శిక్షలను చట్టమే నిర్ణయింపవలెననియు పలికెను. అలంకారమునకై వాడినంతమాత్రమున దీనిని కదలింపదగునా యనియు సందేహించెను.

స్కాట్లండువారి మార్గము వేరు. అచట లయన్ ప్రభువు అధికారమునకు 1592, 1672 సంవత్సరముల చట్టములు అండగా నున్నవి. అనుమతి లేక లాంఛనము ధరించుట అచట దండనార్హమగు నేరము.

మన దేశమున 1877లో ఢిల్లీ దర్బారు జరిపి, లిట్టను ప్రభువు సంస్థానాధీశులకు లాంఛనములు కుట్టిన పతాకములు పంచెను. వానిని కల్పించినవాడు బంగాళా సివిలు సర్వీసు ఉద్యోగి టెయిలరు. శతాబ్దములనాటి వంశములకు ఒక పరదేశపు టుద్యోగి చిహ్నములు గీసియిచ్చుట! దాత యెవడో, యాచకు డెవడో లోకమునకు చాటుటయే దాని ప్రయోజనమని మేము తలంతుము. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను చూడుడు. వరాహమును, శ్రీ త్రిభువనాంకుశ యను పేరును గల ముద్ర దానపత్రమునకు ప్రామాణ్య మిచ్చెను. అచట లాంఛనము పత్రమును నిలిపెను. దర్బారున పాలకుని యనుగ్రహమే లాంఛనమును నిలిపెను.

1950 జనవరి 26న సారనాథ సింహములు మన రాజ్యచిహ్నమైనవి. రాజ్యాంగపు 18వ అధికరణము బిరుదుల నంతమొందించెను. 2005 నాటి చట్టము ఆ చిహ్నమును దుర్వినియోగము చేయువానికి రెండేండ్లవరకు కారాగారమునో, అయిదువేల రూపాయలవరకు జుర్మానానో, రెండునో విధించును. 2007 నాటి నియమముల ప్రకారము మాజీ మంత్రియు, విశ్రాంత న్యాయాధిపతియు సైతము దానిని వాడరాదు.

భేదమంతయు నిందే యున్నది. ఇంగ్లండున లాంఛనము తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. ఇచట అది పదవితో వచ్చి పదవితోనే పోవును. పదవి వీడినను పత్రములపై సింహములను వీడజాలని పెద్దలు ఈ మాటను జ్ఞప్తియం దుంచుకొందురు గాక! ఆ సింహములు ఏ యింటి సొత్తును కావు.