చిల్లుల రేకు

ఢిల్లీని ఆనుకొనియున్న నోయిడాలో, 81వ సెక్టారునందలి శాంసంగ్ కర్మాగారపు విస్తరణను 2018 జూలై 9న ప్రధాని నరేంద్ర మోదీయు దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్‌యు ప్రారంభించినప్పుడు అందఱి చూపులును సెల్‌ఫోనులపైననే నిలిచినవి గాని, అట్టి ఫోను లోపలి బోర్డునకు తొలి సంస్కారమైన సోల్డరు పేస్టు ముద్రణమును తలచినవారు అరుదు.

సంక్రాంతి వాకిట చిల్లుల రేకుపై పిండి రాల్చి, రేకు తీయగనే ముగ్గు నిలిచినట్లు, ఇచ్చట లేజరుతో రంధ్రములు కోసిన స్టీలు రేకును బోర్డునకు ఆనించి, బూడిదవన్నె పేస్టును లోహపు పలకతో ఒక్క ఊపున త్రోసి, బోర్డును మెల్లగా విడదీయుదురు. రేకు మందము సాధారణముగా 0.1 మొదలు 0.15 మిల్లీమీటరు వఱకే. ముగ్గు చెదరిన అమ్మమ్మ దిద్దును. ఇచ్చట పేస్టు కొఱవడిన అతుకు నిలువదు, మితిమీరినచో విడిభాగపు ప్రక్క కాలితో కలిసి షార్టగును.

పేస్టు కథ ఇంకను సున్నితము. తగరము 96.5, వెండి 3, రాగి 0.5 పాళ్లుగల సూక్ష్మ గోళములను ఫ్లక్సుతో కలిపిన మిశ్రమము విరివిగా వాడుకలోనున్నది. అది 217 డిగ్రీలకు కరుగనారంభించును. దానిని ఫ్రిజ్‌లో దాచి, మూత విప్పుటకు ముందు కొన్ని గంటలు బయటనుంచవలెను. శ్రావణమాసపు ఢిల్లీ ఉక్కలో తొందరపడి విప్పినచో, చల్లనీళ్ల చెంబునకు వలె చెమ్మ పట్టి, పేస్టును కరిగించి అతికించు కొలిమిలో ఆ నీరు ఆవిరియై లోహపు గుండ్లను చిమ్మును.

ముద్ర చెడిన బోర్డును కొలిమికి పంపరు. కడిగి, ఆరబెట్టి, మరల ముద్రింతురు.