సైలెంట్ వ్యాలీ: ఒక వర్షారణ్యాన్ని కాపాడిన చరిత్ర

విరాటరాజు అంతఃపురంలో ద్రౌపది సైరంధ్రి అనే పేరుతో అజ్ఞాతవాసం గడిపిందని భారతం చదివినవారందరికీ తెలుసు. కేరళలోని పాలక్కాడు జిల్లాలో, నీలగిరుల అంచున వున్న ఒక అడవిని అక్కడివారు సైరంధ్రీవనమని పిలుస్తూ వచ్చారు. ఆ అడవి నడుమ పారే నదికి పాండవుల తల్లి పేరు వచ్చింది. దానిని కుంతిపుళ అంటారు. మలయాళంలో పుళ అంటే నది. ఇంగ్లీషువారు ఈ అడవికి సైలెంట్ వ్యాలీ, అనగా నిశ్శబ్దపు లోయ, అని పేరుపెట్టారు. సాధారణంగా అడవులలో రొదచేసే కీచురాళ్ళు ఇక్కడ అంతగా వినిపించకపోవడమే దీనికి కారణమని కొందరంటారు. సైరంధ్రి అన్న మాటే తెల్లవారి నోట సైలెంట్ అయిందని మరికొందరంటారు. ఈ రెండవ మాటే ఎక్కువ నమ్మదగినట్లు తోస్తుంది.

వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ 1847లో ఈ అడవిని పరిశీలించాడు. అప్పటికి ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని మలబారు జిల్లాలో వుండేది. 1914లో దీనిని రిజర్వు అడవిగా ప్రకటించారు. అయితే, రిజర్వు అడవి అంటే చెట్టు నరకరాని అడవి అని అర్థం కాదు. కలప మీద హక్కు ప్రభుత్వానిదే అని మాత్రమే దాని అర్థం. అందుచేతనే 1927 మొదలు 1976 వరకు ఇందులోని కొన్ని భాగాలలో కలప కోసం చెట్లు కొడుతూనే వచ్చారు.

అసలు ముప్పు నది వల్ల వచ్చింది. కొండల నడుమ కుంతిపుళ ఇరుకుదారిన దిగే సైరంధ్రి వద్ద ఆనకట్ట కట్టడం సులభమని 1920ల చివరనే ఇంజనీర్లు గుర్తించారు. 1973లో ప్రణాళికా సంఘం ఈ పథకానికి అనుమతి ఇచ్చింది. సుమారు 130 మీటర్ల ఎత్తు ఆనకట్ట, 120 మెగావాట్ల విద్యుత్తు, దిగువన దాదాపు 10,000 హెక్టార్లకు సాగునీరు. మలబారు ప్రాంతంలో విద్యుత్తు కొరత నిజంగానే వున్నది. పనులు లేని యువకులు వున్నారు. పథకాన్ని కోరినవారిని అడవికి శత్రువులని అనడం న్యాయం కాదు.

పథకం వల్ల మునిగేది 8.3 చదరపు కిలోమీటర్లు. మొత్తం అడవి 89.52 చదరపు కిలోమీటర్లు. పదింట ఒక వంతు కూడా పోదు గదా, మిగిలిన తొమ్మిది వంతులు అలాగే వుంటాయి గదా అని పథకాన్ని సమర్థించినవారు అడిగారు. లెక్క సరియైనదే. కాని అడవిని బియ్యపు బస్తావలె కొలవవచ్చునా? ఒక మనిషి శరీరంలో గుండె బరువు ఎంత? మునిగేది కొండవాలులో ఏదో ఒక మూల కాదు. నది ఒడ్డున వున్న లోయ అడుగుభాగం. నీటి ఎద్దడిలేని ఆ చోటనే అడవి అత్యంత దట్టంగా పెరుగుతుంది. పైగా వేలమంది కూలీలు, వారికి గుడిసెలు, వంటచెరకు, రాతి గనులు, రోడ్లు. ఇవన్నీ మునిగే విస్తీర్ణపు లెక్కలోకి రానివి.

మునిగిన అడవికి బదులు మరొకచోట మొక్కలు నాటవచ్చునన్న మాట కూడా వినిపించింది. ఉష్ణమండలపు వర్షారణ్యం సంగతి తెలిసినవారు దీనిని ఒప్పుకోరు. మన పొలాలలో సారం మట్టిలో వుంటుంది. వర్షారణ్యంలో పోషక పదార్థాలలో ఎక్కువభాగం చెట్లలోనే వుంటుంది. రాలిన ఆకు వేడికీ తేమకూ త్వరగా కుళ్ళుతుంది. వెలువడిన పోషకాలను పైపైన అల్లుకున్న వేళ్ళు, వాటినంటి వుండే శిలీంధ్రాలు వెంటనే పీల్చుకుంటాయి. చెట్లను కొట్టివేస్తే ఆ చక్రం తెగిపోతుంది. భారీ వర్షాలు మిగిలిన పలుచని మట్టిని కడిగివేస్తాయి. తరువాత ఎన్ని మొక్కలు నాటినా వచ్చేది తోటయే గాని ఆ అడవి కాదు.

ఈ వాదానికి ఒక కోతి సాక్ష్యమిచ్చింది. దానిని సింహపుచ్ఛ వానరం అనవచ్చు. ఒళ్ళంతా నలుపు, ముఖం చుట్టూ నెరసిన జూలు, తోక చివర సింహానికివలె కుచ్చు. ప్రపంచం మొత్తంమీద ఇది పశ్చిమ కనుమలలో తప్ప మరెక్కడా లేదు. ఇది చాలావరకు కొమ్మల మీదనే బతుకుతుంది, నేలమీదికి అరుదుగా దిగుతుంది. కాబట్టి పైన కొమ్మలు ఒకదానినొకటి తాకుతూ వుండాలి. దీనికి ప్రియమైన ఆహారం ముళ్ళ కాయలు కాసే కల్లేనియా చెట్టు నుంచి వస్తుంది. అన్ని చెట్లూ ఒకేసారి కాయవు గనుక గుంపు ఏడాది పొడుగునా పెద్ద విస్తీర్ణంలో తిరగవలసి వుంటుంది. అడవి నడుమ జలాశయం వస్తే ఈవలి గుంపు ఆవలికి పోలేదు. విడిపోయిన చిన్న గుంపులు తమలో తామే సంపర్కం చెంది క్రమంగా క్షీణిస్తాయి. కోతికోసం కరెంటు మానుకోవాలా అని ఎగతాళి చేసినవారు ఈ సంగతి గమనించలేదు. ఆ కోతి బతికివున్నదంటే అడవి తెగకుండా వున్నదన్నమాట.

జాఫర్ ఫతేహల్లీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1970ల మధ్యలోనే పథకాన్ని విడిచిపెట్టాలని సలహా ఇచ్చింది. కాని తప్పనిసరి అయితే పాటించవలసిన జాగ్రత్తలను కూడా జోడించింది. ప్రభుత్వం సలహాను వదిలి జాగ్రత్తలను పట్టుకున్నది! ఆ తరువాత వాదాన్ని ప్రజలలోకి తీసుకుపోయినది ఎక్కువగా ఉపాధ్యాయులే. మలయాళంలో విజ్ఞానాన్ని ప్రచారం చేయడానికి 1962లో పుట్టిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తులో వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఎం. కె. ప్రసాద్ ఈ విషయం లేవనెత్తాడు. పరిషత్తులోనే మొదట అందరూ అంగీకరించలేదు. వేర్వేరు శాస్త్రాలకు చెందిన ఐదుగురు కలిసి అడవినీ, విద్యుత్తు లెక్కలనూ పరిశీలించి 1979లో ఒక పుస్తకం ప్రకటించారు. మలబారు కొరత తీర్చడానికి వేరే మార్గాలున్నాయని అందులో వాదించారు. సాలిం అలీ, కవయిత్రి సుగతకుమారి మొదలైనవారు గొంతు కలిపారు. అదే కాలంలో ఎం. ఎస్. స్వామినాథన్ చుట్టుపక్కల అడవులను కూడా కలిపి 389.52 చదరపు కిలోమీటర్లను కాపాడాలని సూచించాడు.

1980 జనవరిలో కేరళ హైకోర్టు పథకానికి వ్యతిరేకంగా వచ్చిన దరఖాస్తును తోసిపుచ్చింది. ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వం ఆనకట్ట ప్రాంతాన్ని మాత్రం మినహాయించి జాతీయ పార్కును ప్రకటించింది. ఇటువంటి పార్కు వలన కోతికి ఒరిగేదేమీ లేదు. చివరకు ప్రధాని ఇందిరాగాంధీ ఎం. జి. కె. మీనన్ అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. దాని నివేదిక వచ్చిన 1983లో పథకాన్ని విడిచిపెట్టారు. 1984 నవంబరులో మొత్తం 89.52 చదరపు కిలోమీటర్లూ జాతీయ పార్కు అయింది. 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించాడు.

1914 నాటి రక్షణకూ దీనికీ తేడా చట్టంలో వున్నది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కులో పశువులను మేపరాదు. ఆనాటి నిబంధన ప్రకారం శాసనసభ తీర్మానం లేనిదే దాని హద్దులు మార్చరాదు. అయితే చట్టం హద్దుదాకానే పనిచేస్తుంది. 2000 తరువాత పార్కుకు దిగువన, అదే నదిమీద పాత్రక్కడవు వద్ద మరొక ఆనకట్ట ప్రతిపాదన వచ్చింది. దానిమీద మళ్ళీ అవే వాదాలు చెలరేగాయి. 2007లో కేరళ మంత్రివర్గం పార్కు చుట్టూ 148 చదరపు కిలోమీటర్ల రక్షిత వలయానికి ఆమోదం తెలిపింది. 2012లో యునెస్కో పశ్చిమ కనుమలను ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినప్పుడు సైలెంట్ వ్యాలీ కూడా ఆ జాబితాలోకి వచ్చింది. ఆనకట్ట తలపెట్టిన సైరంధ్రి వద్ద నేడు ఒక వీక్షణ గోపురం వున్నది. అది ఎక్కి చూస్తే కుంతిపుళ లోయ కనిపిస్తుంది.