పాత కంప్యూటరు పెట్టెతో ఇంటి దీపములు

మచిలీపట్నము, గుడివాడ పట్టణములలోని మరమ్మతు దుకాణములందే గాక, పల్లెలలోని పాఠశాలలందును కార్యాలయములందును పాతబడిన కంప్యూటర్లు మూలబడి యుండుట నేడు సాధారణము. యంత్రము పనికిరాకపోయినను, దానికి విద్యుత్తు నందించు ఇనుప పెట్టె, అనగా పవర్ సప్లై, తరచుగా చెడక మిగిలియుండును. దానితో ఇంటి దీపములు వెలిగించుకొనవచ్చును. అయితే ప్రయోజన మెంతయో, ప్రమాద మెంతయో పంచాయతీ సభ్యులు ముందుగా ఎరిగియుండుట మంచిది.

ఈ పెట్టె 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. పసుపుపచ్చ తీగ 12 వోల్టులది, ఎర్ర తీగ 5 వోల్టులది. నల్ల తీగ తిరుగు మార్గము. ప్లగ్గు పెట్టినంతమాత్రమున పెట్టె పనిచేయదు. 20 లేక 24 రంధ్రములుగల పెద్ద కొనలోని ఆకుపచ్చ తీగను ఒక నల్ల తీగతో చిన్న స్విచ్చి ద్వారా కలిపినప్పుడే లోని పంకా తిరుగును. పసుపు, నలుపు తీగల నడుమ మీటరు 11.4 మొదలు 12.6 వోల్టుల వరకు చూపినచో 12 వోల్టుల ఎల్.ఇ.డి. దీపములను తగిలింపవచ్చును. కొన్ని పాత రకములు ఎర్ర తీగపై కొంత భారము లేనిదే నిలకడగా నడువవు. అట్టివానికి ఎరుపు, నలుపుల నడుమ 10 ఓములు, 10 వాట్ల నిరోధకము నొకదానిని పెట్టుదురు. అది వేడెక్కును గనుక ప్లాస్టిక్కునకు తగులనీయరాదు.

ఇచట ఒక మాట దాచక చెప్పవలెను. ఊరిలో కరెంటున్నంతసేపు, హోల్డరులో నేరుగా పెట్టు సాధారణ ఎల్.ఇ.డి. బల్బే చౌక, సులభము. కరెంటు పోయినచో ఈ పెట్టెయు ఆగిపోవును. ఇది బ్యాటరీ కాదు. మరి దీని ఉపయోగ మెక్కడ? తుపానుల దారిలోనున్న దివిసీమ వంటి చోటుల. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అచట వేలాది ప్రాణములను బలిగొన్నది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. గాలికి స్తంభములు ఒరిగినచో వెలుగు మరల వచ్చుటకు దినములు పట్టవచ్చును.

కనుక ఇంటిలో 12 వోల్టుల దీపములకు వేరుగా తీగ నడిపి, మామూలు దినములలో పెట్టెనుండియు, కరెంటు లేనినాడు బ్యాటరీనుండియు అవే దీపములను వెలిగించుకొనవలెను. 12 వోల్టులు, 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీతో 5 వాట్ల దీపము సుమారు పది గంటలు వెలుగును. పెట్టెయు బ్యాటరీయు ఎన్నడును ఒకదానితో నొకటి కలియరాదు. నడుమ రెండు దారుల స్విచ్చి యుండవలెను. ఈ పెట్టెతోనే బ్యాటరీని నింపజూచినను ప్రయోజనము లేదు. సీసపు బ్యాటరీ నిండుటకు 13.8 వోల్టుల ప్రాంతము కావలెను. అందుకు తగిన ఛార్జరు గాని, నియంత్రణ పరికరముగల సౌర ఫలకము గాని వేరుగా అవసరము.

12 వోల్టులు మనిషిని కొట్టవుగదా యని నిర్లక్ష్యము తగదు. ఇట్టి పెట్టె ఆ తీగపై పది ఆంపియర్లకు మించి ఈయగలదు. తీగలు ఒకటి కొకటి తగిలినచో సన్నతీగ ఎర్రగా కాలి తాటాకు కప్పునకు నిప్పంటుకొనును. అందుచేత పసుపు తీగ మొదట 3 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీ వద్ద మరియొకటి తప్పనిసరి. దీపములు దూరమున నుండరాదు. 10 మీటర్ల దూరమునకు ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగపై 2 ఆంపియర్లు పంపినచో రాకపోకలలో సుమారు 0.7 వోల్టు తగ్గును. పెట్టె మూతను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను లోపల 300 వోల్టులు నిలిచియుండవచ్చును. ఎర్తుగల మూడు కాళ్ల ప్లగ్గునే వాడవలెను. వరద నీరు అందని ఎత్తున, పంకాకు గాలి ఆడునట్లు దానిని అమర్చవలెను. తీరగ్రామములలో ఉప్పుగాలికి కొనలు చిలుము పట్టును గనుక వానకాలమునకు ముందు తుడిచి బిగింపవలెను.

కార్యాలయపు కంప్యూటరు పాతదైనను ప్రభుత్వ ఆస్తియే. సరుకుల రిజిస్టరునుండి విధిగా తొలగింపకమునుపు దాని పెట్టెను ఎవరికిని ఈయరాదు. మిగిలిన తుక్కును రిజిస్టరైన పునర్వినియోగ సంస్థకే అప్పగింపవలెను. రాగి కొరకు తీగల తొడుగులను కాల్చువారిని పంచాయతీ వారింపవలెను. ఆ పొగ విషము.