చక్కెర తగ్గిందన్న సంబరం

షుగర్ జబ్బు చుట్టూ తెలంగాణ పల్లెల్లో పాతుకుపోయిన మాట ఒకటుంది: 'గోలీలు ఎక్కువ మింగితే కిడ్నీలు ఖరాబైతయ్.' నిజామాబాద్ జిల్లా మోస్రా నుంచి ఆసుపత్రికని బోధన్‌కో నిజామాబాద్‌కో బస్సెక్కే రోగికి డాక్టరు కన్నా ముందు ఎదురయ్యేది ఈ మాటే. దాన్ని వట్టి అజ్ఞానమని కొట్టేయకూడదు. కళ్లారా చూసినదాని మీద రోగి వేసుకున్న లెక్క అది. ఆ లెక్కలోకి రావలసిన ఒక సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న మనిషికి కిడ్నీ వడపోత అంకె 30 కన్నా దిగితే డాక్టర్లు ఆ గోలీ ఆపేస్తారు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెడగొట్టినందుకు కాదు. చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేక ఒంట్లో పేరుకుంటుందని. ఈ కారణం చీటీ మీద రాయరు. కిడ్నీ పోయింది, గోలీ ఆగింది, అంటే దోషం గోలీదే అనుకోక రోగి ఏం చేస్తాడు? ఇంతకన్నా మోసకారి మరొకటుంది. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీకీ వాటా ఉంది. కిడ్నీ చితికేకొద్దీ ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది, షుగర్ అంకె దిగుతుంది, మోతాదు తగ్గించాల్సి వస్తుంది. షుగర్ నయమైందని ఇల్లంతా సంబరపడే రోజే కిడ్నీ చేతులెత్తేస్తున్న రోజు కావచ్చు. పసరు మందుతో షుగర్ పోయిందనే కథల్లో కొన్నైనా ఇలా పుట్టినవేనని నా అనుమానం.

షుగర్ వల్ల చెడే కిడ్నీ నొప్పి పెట్టదు. దాదాపు సగం సత్తువ పోయేదాకా చాలామందికి రక్తపరీక్షలో క్రియాటినిన్ కూడా గీత దాటదు. అంతకు ఏళ్ల ముందే మూత్రంలోకి అల్బుమిన్ అనే ప్రోటీన్ జారడం మొదలవుతుంది. షుగర్ ఉన్నవారికి ఏటా ఆ పరీక్ష చేయాలని వైద్యశాస్త్రం చెబుతోంది. 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లో చేసే స్క్రీనింగ్‌లో బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్లు ఉన్నాయి, అల్బుమిన్ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగర్‌తో పెద్దగా సంబంధం లేని కిడ్నీ జబ్బు ఊళ్లను పట్టాక క్రియాటినిన్ అక్కడ ఇంటిమాటైంది. షుగర్ రోగుల్లో చాలామందికి గ్లూకోజు తప్ప మరో అంకే తెలియదు.

కిడ్నీని కాపాడే గోలీ కూడా ఉంది. 2001లో వెలువడిన రీనాల్ అధ్యయనంలో షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్న 1,513 మందిని పరిశీలించారు. లోసార్టాన్ అనే బీపీ గోలీ వాడినవారిలో కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే ముప్పు 28 శాతం తగ్గింది. బీపీ నార్మలైందని జనం మానేసే గోలీ అదే. మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో అడగ్గానే దొరికే డైక్లోఫెనాక్ మాత్రం చెడుతున్న కిడ్నీకి నిజంగా చేటు. దానంటే ఎవరికీ భయం లేదు.

నాట్లు వేసే కూలీకి ఇవన్నీ చెప్పి ఏం లాభం, జబ్బు ముదిరేది డబ్బుల్లేకే కదా అంటారు. నిజమే, పరీక్షకు పోతే ఆ రోజు కూలి పోతుంది. కానీ తెలంగాణ ప్రభుత్వం చేయి అందించేది చివర్లో: ఆరోగ్యశ్రీ కింద ఉచిత డయాలసిస్, 2022 నుంచి నెలకు 2,016 రూపాయల పింఛను. అప్పుడు కూలి పోయేది వారానికి రెండు మూడు రోజులు, విడతకు నాలుగేసి గంటలు మెషిన్ పక్కనే. కిడ్నీ అన్న మాట ఎత్తితే జనం బెదిరి పసరు మందుకు పరుగెడతారన్నది ఇంకో వాదన. ఆ మాట డయాలసిస్‌తో కలిసి వచ్చినప్పుడు బెదరరా మరి? తొలిదశలో చెబితే చేయగలిగిన పని ఇంకా చేతిలో ఉంటుంది.

తిండి సంగతి మరీ చిక్కు. షుగర్‌కని జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినమన్న ఆసుపత్రే కిడ్నీ దెబ్బతిన్నాక పప్పు తగ్గించమంటుంది, ఆకుకూర ఉడికించి నీళ్లు వంచెయ్యమంటుంది, తాగే నీళ్లు గ్లాసులు లెక్కపెట్టమంటుంది. రెండు చీటీలూ సరైనవే, వేర్వేరు దశలవి. మధ్యలో ఏం మారిందో ఎవరూ చెప్పనప్పుడు, రోగి రెండింటినీ గూట్లో పెట్టి పక్కింటివాళ్లను అడుగుతాడు.