ఇంటర్వ్యూకి ఒక్క అంశం లోతుగా

మన దేశంలో ఎంబీబీఎస్ సీటుకి నీట్ ర్యాంకే సర్వస్వం. 720 మార్కుల పరీక్ష రాసిన విద్యార్థిని కూర్చోబెట్టి ఎవరూ మాట్లాడించరు. బ్రిటన్‌లో పద్ధతి వేరు. మార్కులూ, యూక్యాట్ అనే ప్రవేశపరీక్ష స్కోరూ బాగున్నా ఇంటర్వ్యూ దాటాల్సిందే. చాలా కాలేజీల్లో అభ్యర్థి ఒక్కో మజిలీలో ఐదు నుంచి పది నిమిషాలు గడుపుతూ, ఒక్కోచోట ఒక్కో ప్రశ్నకో సన్నివేశానికో స్పందించాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పద్ధతిని ఎమ్ఎమ్ఐ అంటారు. వర్తమాన ఆరోగ్య సమస్యల మీద ప్రశ్న ఇందులో తరచూ వస్తుంది. దానికోసం వెయిటింగ్ లిస్టులు, డాక్టర్ల సమ్మెలు, యాంటీబయోటిక్స్‌కి లొంగని సూక్ష్మజీవులు అంటూ పదిహేను అంశాలకు నోట్సు రాసుకుని బట్టీ పట్టడం మామూలు. అంత చదువూ మొదటి ఎదురుప్రశ్నకే చతికిలబడుతుంది. ఒక్క అంశాన్ని అడుగంటా చదివినవాళ్లే అక్కడ నిలబడతారని నా వాదన.

అవయవదానాన్నే తీసుకుందాం. వద్దని ముందే నమోదు చేసుకోని పెద్దవాళ్లను సాధారణంగా అంగీకరించినట్టే భావించే చట్టం 2015 డిసెంబరులో వేల్స్‌లో అమల్లోకి వచ్చింది. 2020 మేలో ఇంగ్లండ్, 2021 మార్చిలో స్కాట్లండ్, 2023 జూన్‌లో ఉత్తర ఐర్లండ్ అదే దారి పట్టాయి. నోట్సు ఇక్కడితో ఆగిపోతుంది. అసలు కథ మొదలయ్యేది ఇక్కడే. వేల్స్‌లో మొదటి కొన్నేళ్లలో కుటుంబాల అంగీకారం పెరిగింది; ఇంగ్లండ్‌లో చట్టం వచ్చాక పెరగకపోగా తగ్గింది. చట్టం ఏమన్నా, ఆస్పత్రిలో డాక్టర్లు కుటుంబాన్ని అడుగుతారు. వాళ్లు కాదంటే సాధారణంగా ముందుకు వెళ్లరు. పైగా ఇంగ్లండ్ చట్టం కోవిడ్ నడిమధ్యలో వచ్చింది కనుక తగ్గుదలనంతా చట్టం ఖాతాలో వేయడమూ తొందరపాటే. స్పెయిన్‌లో ఇలాంటి చట్టం 1979 నుంచే ఉన్నా, దానాలు జోరందుకున్నది 1989లో జాతీయ అవయవమార్పిడి సంస్థ ఏర్పడి, ఆస్పత్రుల్లో సమన్వయకర్తలను నియమించాకే. ఆ సమన్వయకర్తల్లో ఎక్కువమంది ఐసీయూ డాక్టర్లు. ఆ సంస్థకు సారథ్యం వహించిన రాఫాయెల్ మతేసాన్స్ కూడా తమ విజయాన్ని చట్టానికి కట్టబెట్టలేదు. ఇంత తెలిసిన విద్యార్థి ‘చట్టం మంచిదే’ అని తేల్చేయకుండా, దుఃఖంలో ఉన్న కుటుంబంతో ఎవరు, ఎప్పుడు, ఎలా మాట్లాడాలన్న దాకా వెళ్లగలుగుతుంది. డాక్టరు పని అదే కదా!

బ్రిటన్‌లోని తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతేమీ కాదు. బ్రిటన్‌లో కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో దక్షిణాసియా మూలాలున్నవాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు. దాతలు మాత్రం తక్కువ. రక్తం గ్రూపు, కణజాలం ఒకే మూలాలవాళ్లలో సరిపోలే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ కొరత నిరీక్షణను పెంచుతుంది. మరణించినవాళ్ల నుంచి అవయవదానం కోసం తెలుగు రాష్ట్రాల్లో నడుస్తున్న జీవన్‌దాన్ కూడా కుటుంబ సమ్మతి మీదే ఆధారపడుతుంది. ఈ పోలిక తెచ్చిన అభ్యర్థిని, మన కుటుంబాలు ఎందుకు వెనకాడతాయని అడుగుతారు. మతం మీదకు నెట్టేసి ఊరుకుంటే మార్కులు పోయినట్టే.

మరి ఆ అంశం మీద ప్రశ్నే రాకపోతే? ఈ అభ్యంతరంలో కొంత న్యాయముంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ 1948లో ఏ సూత్రం మీద మొదలైందో, 18 వారాల్లో చికిత్స ప్రారంభించాలన్న లక్ష్యం ఎందుకు అందడం లేదో స్థూలంగానైనా తెలియాలి. అయితే ఒక అంశంలో అలవడిన ఆలోచన ఇంకోచోటికీ వస్తుంది. మరణం ఖాయమైన రోగి తన జీవితాన్ని ముగించుకోవడానికి వైద్యసాయం కోరవచ్చన్న బిల్లు 2025 జూన్‌లో బ్రిటన్ దిగువసభలో 314-291 ఓట్లతో గట్టెక్కింది. అక్కడా అడగాల్సినవి అవే: సమ్మతి ఎవరిది, ఒత్తిడి ఎవరిది, చట్టం కాగితం మీద ఒకలా, వార్డులో మరోలా నడుస్తుందా? ఎటువైపు మాట్లాడారన్నదానికన్నా ఎదుటి వాదనను ఎంత నిజాయితీగా ఎదుర్కొన్నారన్నదానికే విలువ.

డాక్టర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకే ఇంటర్వ్యూ అనుకూలమన్న విమర్శను మాత్రం కొట్టిపారేయలేం. మాటకారితనం కొంత ఇంట్లోనే అబ్బుతుంది. ఎమ్ఎమ్ఐలో చాలామంది విడివిడిగా మార్కులు వేయడం వల్ల ఒకే పరీక్షకుడి ఇష్టాయిష్టాల ప్రభావం తగ్గుతుందే తప్ప, ఈ తేడా పోదు. కానీ లోతైన చదువుకు కోచింగ్ ఫీజు అక్కర్లేదు. బ్రిటన్ పార్లమెంటు చర్చలు, అవయవదాన గణాంకాలు, డాక్టర్ల ప్రవర్తనపై జనరల్ మెడికల్ కౌన్సిల్ మార్గదర్శకాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. తల్లిదండ్రులు చేయగలిగిందీ ఒకటుంది: పిల్లలు ఏ అభిప్రాయం చెప్పినా భోజనాల దగ్గర దానికి ఎదురు వాదించండి. దరఖాస్తు గడువు అక్టోబరు నడిమికి ముగుస్తుంది. ఇంటర్వ్యూలు ఎక్కువగా డిసెంబరు, మార్చి నెలల మధ్య జరుగుతాయి. ఒక అంశాన్ని అడుగంటా చదవడానికి ఆ వ్యవధి సరిపోతుంది.