కొత్త లారీలో ఆ శబ్దము

2023 జూలైలో టమాటా ధర చూచి దేశమంతా ఆశ్చర్యపోయిన సంగతి మన పాఠకులు మరచి ఉండరు. మదనపల్లె మార్కెట్ యార్డులో కిలో 100 రూపాయలు దాటి పైకి పోయిన ఆ దినాలలో మాకు కూడా ఒక తోట చేతికి వచ్చింది. మేము పుంగనూరు వైపు ఒక పల్లెవారము. నాయన, అమ్మ, అన్నదమ్ములము ఇద్దరము, మా భార్యాబిడ్డలు, అందరిదీ ఒకే పొయ్యి. ఇన్నేళ్ళూ పంట మాది, బాడుగ బండి ఇంకొకరిది. ఆ ఏడు వచ్చిన డబ్బు ముందు కట్టి, మిగిలినది ఫైనాన్సులో తీసుకొని ఒక మినీ లారీ కొన్నాము. నాలుగు సిలిండర్ల డీజిల్ బండి. తోలేది మా తమ్ముడే. మా కాయలూ, చుట్టుపక్కల రైతుల కాయలూ మండీకి చేర్చి, కంతు కట్టుకొంటూ బ్రతకవచ్చునని మా లెక్క.

కంతులు మొదలయ్యాయో లేదో టమాటా పడిపోయింది. సెప్టెంబరులో కోత కూలి కూడా రాక కాయలను రోడ్డు ప్రక్కన పారబోసిన రైతులను చూచాము. ఇక మా ఇంటికి ఆధారం తోట కాదు, లారీయే. అది ఒక దినం నిలిచిపోతే ఆ నెల కంతుకు ఎవరి గడపకు పోవాలా అని ఆలోచించవలసినదే.

ఆ శబ్దం నవంబరు చివర మొదలైంది. మా ప్రాంతం మెట్ట మీద ఉన్నది గనుక శీతకాలంలో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. నాలుగు గంటలకు తమ్ముడు తాళం తిప్పితే ఇంజన్ అందుకొనేది గాని, లోపల ఎవరో చిన్న సుత్తితో ఇనుము మీద కొడుతున్నట్టు టక్ టక్ టక్ మని మోగేది. పొగగొట్టం నుండి తెల్లని పొగ, కాలని డీజిల్ వాసన. ఇంజన్ ఒక చోట నిలకడగా తిరగక వణికేది. పది నిమిషాలు పోతే అన్నీ సర్దుకొనేవి. మరల నూరు క్రేట్లకు పైగా లోడు వేసుకొని ఎత్తు ఎక్కేటప్పుడు అదే మోత. అమ్మ నిద్ర లేచి, “ఏమిరా, కొత్త బండి ముసలి బండి మాదిరి దగ్గుతోంది” అన్నది. ఆ మాట తమ్ముడికి గుచ్చుకొన్నది.

మొదటిసారి పట్నంలోని షోరూముకు తీసుకొనిపోయినప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. దాదాపు వంద కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన ఇంజన్ మంచి వేడి మీద ఉన్నది. సర్వీసు కుర్రవాడు బానెట్ ఎత్తి, రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి, “డీజిల్ బండి అన్నాక ఈ మాత్రం శబ్దం ఉంటుందన్నా” అన్నాడు. జాబ్ కార్డు మీద ‘ఇంజన్ శబ్దం, చూచితిమి, లోపం లేదు’ అని రాసి ఇచ్చాడు. రెండవసారి ఇంజన్ ఆయిల్ మార్చి డబ్బు తీసుకొన్నారు. మరుసటి ఉదయం టక్ టక్ మామూలే. తమ్ముడికి కోపం వచ్చి, లారీని షోరూము గేటుకు అడ్డంగా నిలబెడతానన్నాడు. నాయన వద్దన్నాడు.

మా దారిలో ఒక పాత మెకానిక్ భాయ్ ఉన్నాడు. ముప్పై ఏండ్లుగా లారీల క్రింద పడుకొని లేచిన మనిషి. ఒక ఉదయం మా ఇంటికే రమ్మని బ్రతిమాలాము. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, డాక్టరు రొమ్ము చూచినట్టు ఒక్కొక్క సిలిండర్ దగ్గర విన్నాడు. తర్వాత చెయ్యి తుడుచుకొని, “నేను విప్పను. విప్పితే మీ వారంటీ పోతుంది. కాని ఇది మీరు భయపడుతున్న బేరింగ్ శబ్దం కాదు, డీజిల్ మండడంలో తేడా. మూడో సిలిండర్ దగ్గర ఎక్కువ ఉంది” అన్నాడు. విప్పి ఉంటే ఆ దినం ఆయనకు రెండు మూడు వేలు గిట్టేవి.

ఆయన చెప్పినదీ, తర్వాత మేము తెలుసుకొన్నదీ కలిపి కొంచెం వివరంగా రాస్తాము. ఎందుకంటే మన సంఘాలలో ట్రాక్టరో, ఆటోనో, లారీయో లేని పల్లె ఇప్పుడు లేదు.

పెట్రోలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు నిప్పు అంటిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో అగ్గిపుల్ల ఏదీ లేదు. లోపలి గాలిని పిస్టన్ 15 నుండి 20 రెట్లు కుదించి నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి ఇంజెక్టర్ డీజిల్‌ను మంచు తుంపర వలె చిమ్మగానే దానంతట అదే అంటుకొంటుంది. 1890లలో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో కనిపెట్టిన పద్ధతి ఇదే. అయితే చిమ్మిన క్షణానికీ అంటుకొనే క్షణానికీ నడుమ రెప్పపాటు కన్నా ఎంతో చిన్న ఆలస్యం ఒకటి ఉంటుంది. ఆ ఆలస్యం పెరిగితే, మండవలసిన డీజిల్ లోపల పోగుపడి ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ దెబ్బే మనకు వినిపించే టక్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆలస్యం ఎక్కువ. అందుకే ఈ రోగం తెల్లవారుజామున బయటపడి మధ్యాహ్నానికి దాక్కొంటుంది. అంటుకొనే గుణం తక్కువైన డీజిల్ వాడినా, ఇంజెక్టర్ తుంపరగా చిమ్మక చుక్కలుగా కార్చినా ఇదే జరుగుతుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి అమ్ముతున్న బి.ఎస్. 6 డీజిల్‌కు ఈ అంటుకొనే గుణం, సీటేన్ సంఖ్య అంటారు, కనీసం 51 ఉండాలని నియమం. కాబట్టి బంకులో పోసిన మంచి డీజిల్ మీద ఊరకనే అనుమానపడనక్కరలేదు.

బేరింగ్ దెబ్బతిన్న శబ్దం వేరు. అది లోతుగా, మందంగా, ఇంజన్ అడుగు నుండి వస్తుంది. వేడెక్కి ఆయిల్ పలచబడితే తగ్గక ఇంకా పెరుగుతుంది. ఆయిల్ దీపం వెలిగి అటువంటి శబ్దం వస్తే బండిని అక్కడనే ఆపివేయాలి, ఇంటి దాకా తోలుకొని పోదామనుకోకూడదు.

ఇంజెక్టర్ కారడం కూడా చిన్న సంగతి కాదు. కారిన డీజిల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగివేస్తుంది, క్రిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. గేజ్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ తగ్గకపోగా పెరిగినట్టు ఉంటే, డీజిల్ వాసన వస్తే, అదే గుర్తు. అలాగే తోలుతూ పోతే పిస్టన్‌కు బొక్క పడవచ్చు. ఇంకొక హెచ్చరిక. పాత ఇంజన్లలో ఏ సిలిండర్ దగ్గర తేడానో తెలుసుకోవడానికి డీజిల్ పైపు నట్టు వదులు చేసి చూచేవారు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఆ పని చేయరాదు. బండి పరుగులో ఉన్నప్పుడు ఆ పైపులో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కొంచెం అటు ఇటు మాత్రమే. ఆ పైపు నుండి చిమ్మిన డీజిల్ చేతి చర్మాన్ని దూసుకొని లోపలికి పోతుంది. చూడడానికి సూది గుచ్చినంతే ఉంటుంది గాని, వెంటనే ఆసుపత్రికి పోకపోతే చెయ్యి పోగొట్టుకొనే ప్రమాదం.

భాయ్ వెళ్ళిన తర్వాత మా ఊరి రిటైర్డ్ మాస్టారు గారి దగ్గర కూర్చొని ఉత్తరం రాశాము. ఆయన మొదట అడిగినది, “ఇంజన్ శబ్దం అంటే వాళ్ళకేమి తెలుస్తుంది? ఎప్పుడు, ఎంతసేపు, ఎంత లోడులో, ఏ గేరులో, ఏ ప్రక్క?” అని. అవన్నీ రాయించారు. రెండు జాబ్ కార్డుల నకళ్ళు జతచేసి, బండిని రాత్రి మీ దగ్గరే ఉంచుతాము, ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మా ఎదుట స్టార్ట్ చేసి వినండి అని కోరుతూ, ఒక ప్రతి షోరూముకు, ఒక ప్రతి కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపాము.

వినియోగదారుల చట్టం సంగతి కూడా మాస్టారు గారే చెప్పారు. బాడుగకు తిప్పే లారీకి ఆ చట్టం వర్తించదని మాకు ఎవరో చెప్పియుండగా మేము నమ్మి ఊరకున్నాము. అది సగమే నిజం. వ్యాపారానికి కొన్న వస్తువుకు వర్తించదు. కాని స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొని, తానే వాడుకొనేవాడు వినియోగదారుడే అని 2019 చట్టంలో స్పష్టంగా ఉన్నది. సుప్రీంకోర్టు 1995లోనే ఒక తీర్పులో, తానే తోలుకొని బాడుగకు తిప్పడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడు అని ఉదాహరణగా చెప్పింది. ఫిర్యాదును షోరూము ఉన్న ఊరిలోనే వేయనక్కరలేదు, మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. కారణం పుట్టిన నాటి నుండి రెండేళ్ళ లోపల వేయాలి. చెల్లించిన ధర 10 లక్షల పైన 20 లక్షల లోపల ఉంటే రుసుము 400 రూపాయలు. దానికి ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. మాకు అంతవరకు పోవలసిన అవసరం రాలేదు.

ఉత్తరం అందిన వారానికి పిలుపు వచ్చింది. ఆ సాయంత్రం షోరూములో వర్క్‌షాపు ఇన్‌చార్జి, నడి వయసు మనిషి, కాగితం ముందు పెట్టుకొని ఒక ప్రశ్న అడిగాడు. “క్యాన్లలో, డ్రమ్ముల్లో తెచ్చిన డీజిల్ ఎప్పుడైనా పోశారా?” తమ్ముడు వెంటనే “లేదు సార్” అన్నాడు.

పోశాము. అక్టోబరులో ఒక రాత్రి లోడుతో డీజిల్ అయిపోతే, ఇంటి నుండి ట్రాక్టరు డ్రమ్ములోని డీజిల్ క్యానులో పట్టుకొనిపోయి పోసినది మేమే. వానకాలమంతా మూత సరిగా లేక దొడ్డిలో పడియున్న డ్రమ్ము అది. నీళ్ళు కలిసిన డీజిల్ వల్ల ఇంజెక్టర్ పాడైతే వారంటీ ఇవ్వరని కాగితంలో ఉన్నది. ఇంజెక్టర్ల ఖర్చు మీద పడితే రెండు నెలల కంతులు పోయినట్టే. మేము బయటకు వచ్చి టీ కొట్టు దగ్గర చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాము. తమ్ముడు, “చెప్పకుంటే వాళ్ళకెట్లా తెలుస్తుంది?” అన్నాడు. నాయనకు ఫోన్ చేశాము. ఆయన వాదించలేదు. “ఆ మనిషి రేపు తెల్లవారి మీ కోసం వచ్చి వింటానన్నాడు కదా. ఆయనను తప్పు దారిలో వెతకమంటారా?” అని పెట్టేశాడు. లోపలికి పోయి చెప్పాము. ఇన్‌చార్జి తల ఎత్తి తమ్ముడిని ఒకసారి చూచి, ఆ సంగతి కూడా జాబ్ కార్డు మీద రాసుకొన్నాడు. ఆ రాత్రి మేము బండిలోనే పడుకొన్నాము, నిద్ర మాత్రం లేదు.

ఉదయం ఆరింటికి ఆయన వచ్చి తానే తాళం తిప్పాడు. టక్ టక్ టక్. ఆ శబ్దం వింటే మాకు సంతోషం కలగడం అదే మొదలు, అదే కడ. స్కానర్ తగిలించి ఒక్కొక్క సిలిండర్‌కు డీజిల్ ఆపి చూచాడు. మూడవది ఆపగానే టక్ ఆగిపోయింది. ఫ్యూయల్ ఫిల్టర్ అడుగున ఉన్న డీజిల్‌ను గాజు సీసాలోకి దించి వెలుతురుకు పట్టాడు. మా ఊపిరి ఆ సీసాలోనే ఉన్నది. నీరు ఉంటే అడుగున వేరుగా నిలుస్తుంది. నిలవలేదు. కొంచెం మురికి మాత్రం కనిపించింది. ఇంజెక్టర్‌ను విప్పి పరీక్ష బల్ల మీద పెట్టిస్తే, నాజిల్ తుంపర చిమ్మక చుక్కలు కారుస్తున్నది. తుప్పు జాడ లేదు, తయారీలోని తేడా అని రాశారు. కంపెనీ ఒప్పుకోలు రావడానికి తొమ్మిది దినాలు పట్టింది. ఇంజెక్టర్ వారంటీలో వేశారు. ట్యాంకు కడిగినందుకు, ఫిల్టర్‌కు, మరల ఆయిల్‌కు మేమే కట్టాము. ఆయిల్ డబ్బు మా మీద వేయడం న్యాయం కాదని మాకు ఇప్పటికీ తోస్తుంది. అడిగాము, వినలేదు. తొమ్మిది దినాల బాడుగ పోయింది, ఆ నెల కంతుకు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాము, తర్వాత విడిపించాము.

తిరిగి వచ్చేటప్పుడు ఇన్‌చార్జి ఒక మాట అన్నాడు. దినానికి ముప్పై బండ్లు వస్తాయి, అందరూ మధ్యాహ్నమే వస్తారు, సాయంత్రానికి ఇవ్వమంటారు, చల్లని ఇంజన్ వినే తీరిక తమకు ఎక్కడిది అని. మొదటి దినం ఆ కుర్రవాడు చెప్పిన మాటకు మేము కోపపడ్డాము గాని, ఆ వేడి ఇంజన్‌లో అతనికి వినిపించడానికి నిజంగా ఏమీ లేదు.

దొడ్డిలోని డ్రమ్మును నాయన పాత ఇనుము వానికి వేసివేశాడు. జాబ్ కార్డులన్నీ బీరువాలో పట్టా పుస్తకాల ప్రక్కన ఉన్నవి. తమ్ముడు మాత్రం ఈనాటికీ తెల్లవారుజామున తాళం తిప్పి, తలుపు మూయకుండా ఒక కాలు నేల మీద ఉంచి, ఒక నిమిషం విని గాని బండి కదిలించడు.