గోథమ్ గాలిపటం దొంగ

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో గ్రాండ్ కాంకోర్స్ అని ఓ వెడల్పాటి రోడ్డుంది. దాని పక్కనే చిన్న పార్కు, పార్కులో తెల్లటి చెక్క ఇల్లు. కవి ఎడ్గార్ అలన్ పో చివరి రోజుల్లో కాపురమున్న ఇల్లది. పార్కుకి ఆయన పేరే పెట్టారు. 1939లో బిల్ ఫింగర్, బాబ్ కేన్ అనే ఇద్దరు కుర్రాళ్లు అక్కడి బెంచీల మీద కూర్చుని కథలు అల్లుకునేవారు. ఆ అల్లికలోంచి పుట్టినవాడే బ్యాట్‌మ్యాన్. పార్కును ఆనుకుని ఈస్ట్ 192వ వీధి మూలమీద ఇప్పుడు ‘బిల్ ఫింగర్ వే’ అన్న బోర్డు ఉంటుంది. 2017 డిసెంబరులో పెట్టారు. ఆ బోర్డు చూడటానికి వచ్చేవాళ్లంతా బ్యాట్‌మ్యాన్ అభిమానులే. మనం మాత్రం అదే ఫింగర్ కలం నుంచి 1960లో రాలిపడ్డ ఓ చిల్లర దొంగ గురించి మాట్లాడుకుందాం. పేరు కైట్ మ్యాన్. గాలిపటానికి తనను తాను కట్టుకుని ఎగురుతూ వచ్చి దోచుకుపోతాడు. అంతకుమించి అతని దగ్గర ఏ శక్తీ లేదు.

అతను మొదట కనిపించింది ‘బ్యాట్‌మ్యాన్’ పత్రిక 133వ సంచికలో, 1960 ఆగస్టు తేదీతో. వెల పది సెంట్లు. రాసింది ఫింగర్, గీసింది డిక్ స్ప్రాంగ్. ఆ రోజుల్లో అమెరికా బొమ్మల కథలు ఒక కట్టుబాటులో నడిచేవి. నేరాల కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయన్న గొడవ ముదిరి, 1954లో ప్రచురణకర్తలే ‘కామిక్స్ కోడ్’ పెట్టుకున్నారు. నెత్తురు, హింస తగ్గించాలి. మరి బ్యాట్‌మ్యాన్ నెలనెలా ఎవరితో తలపడాలి? అందుకే ఒక్కో వస్తువు చేతికిచ్చి ఒక్కో విలన్‌ని తయారుచేశారు. ఒకడికి గడియారాలు, ఇంకొకడికి క్యాలెండరు, మరొకడికి బట్టల మీది చుక్కలు. ఫింగర్ ఇలాంటి సరుకులో ఆరితేరిన మనిషి. ఎక్కడ వింత సంగతి తగిలినా నోటుబుక్కులో రాసి పెట్టుకునేవాడు. ఇంటి ఎత్తు టైపురైటర్లు, బండిచక్రాల్లాంటి నాణేలు ఆయన కథల్లో మామూలు. వాటిని కళ్లకు కట్టేలా గీయడంలో స్ప్రాంగ్‌ది అందె వేసిన చెయ్యి. ఆ వరసలో గాలిపటం వంతు కూడా వచ్చింది. పిల్లలు ఎగరేసుకునే వస్తువుతో కైట్ మ్యాన్ జైల్లోంచి ఓ ముఠా నాయకుణ్ని తప్పిస్తాడు. చివరికి దొరికిపోతాడు. కథ అయిపోతుంది.

గాలిపటం మీద మనిషి ఎగరడమేమిటని నవ్వుకుంటాం కానీ, కెనడాలో అది జరిగింది. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కి గాలిపటాల పిచ్చి. చిన్న చిన్న నాలుగు ముఖాల గూళ్లను, మొత్తం 3,393, తేనెపట్టులా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ‘సిగ్నెట్’ అనే భారీ గాలిపటం కట్టించాడు. 1907 డిసెంబరు 6న బాడెక్ ఊరి దగ్గరి సరస్సు మీద స్టీమరుకు కట్టి లాగితే అది లేచింది. లోపల థామస్ సెల్‌ఫ్రిడ్జ్ అనే సైనికాధికారి పడుకుని ఉన్నాడు. 168 అడుగుల ఎత్తు, ఏడు నిమిషాలు. దిగేటప్పుడు నీళ్లలో పడి గాలిపటం ముక్కలైంది గానీ మనిషి బతికాడు. ఆ మరుసటి ఏడాదే ఆర్విల్ రైట్ నడిపిన విమానం కూలి సెల్‌ఫ్రిడ్జ్ చనిపోయాడు. ఇంజిను విమాన ప్రమాదంలో పోయిన మొదటి మనిషి ఆయనే. గాలిపటం వదిలేసింది, విమానం మింగేసింది. ఆ తర్వాత ఫ్రాన్సిస్ రొగాలో అనే ఇంజినీరు ముడుచుకునే గుడ్డరెక్కకు 1951లో పేటెంటు పొందాడు. ఇవాళ కొండల మీంచి దూకేవాళ్లు వాడే హ్యాంగ్ గ్లైడర్‌కు తాత ఆ రెక్కే. అంటే ఫింగర్ ఊహ మరీ గాల్లోది కాదు.

మొదటి కథ తర్వాత కైట్ మ్యాన్‌ని ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ కనిపించింది 1979లో, 315వ సంచికలో. ఆనక అతనికి ఇంటిపేరుతో సహా ఓ పేరొచ్చింది, చార్లెస్ బ్రౌన్. ‘పీనట్స్’ బొమ్మల కథలు చదివినవాళ్లకి ఈ పాటికి నవ్వొచ్చే ఉంటుంది. అందులోని చార్లీ బ్రౌన్ అనే కుర్రాడికి ఎంత ప్రయత్నించినా గాలిపటం ఎగరదు, గాలిపటాలు తినే చెట్టొకటి దాన్ని మింగేస్తుంటుంది. ఆ కుర్రాడే పెద్దయి విసిగి దొంగయ్యాడన్నట్టు ఈ కొంటె పేరు. ఎవరికి తట్టిందో గానీ, దాంతోనే ఈ విలన్‌కి తొలిసారి ఓ గతం ఉన్నట్టనిపించింది.

టీవీలో 2008లో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్: ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ కార్టూన్‌లో జెఫ్రీ కోంబ్స్ గొంతుతో వస్తాడు. అక్కడ ప్లాస్టిక్ మ్యాన్ అనే హీరో ఒకప్పుడు ఇతని ముఠాలోవాడే. 2017లో వచ్చిన ‘ది లెగో బ్యాట్‌మ్యాన్ మూవీ’లో బ్యాట్‌మ్యాన్ ప్రధాన శత్రువు జోకర్ ఓ విమానం పైలట్‌ను బెదిరిస్తూ తన వెంట వచ్చిన విలన్ల పేర్లు గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. అందులో కైట్ మ్యాన్ కూడా ఉంటాడు. వీళ్లలో కొందర్ని నువ్వే కల్పించావు కదా అని పైలట్‌కి అనుమానం. లేదు, అందరూ నిజంగానే ఉన్నారంటాడు జోకర్. అరవై ఏళ్ల చెత్తనంతా నిర్మాతలు ప్రేమగా ఏరుకొచ్చిన సన్నివేశమది.

అదే 2017 జులైలో అసలు మలుపు. ‘బ్యాట్‌మ్యాన్’ పత్రికను కొత్తగా ఒకటో అంకె నుంచి మొదలుపెట్టి రాస్తున్న టామ్ కింగ్, 27వ సంచికను పూర్తిగా ఈ గాలిపటం మనిషికే ఇచ్చాడు. బొమ్మలు క్లే మాన్‌వి. 1939లో బ్యాట్‌మ్యాన్ పుట్టింది ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో. కావాలని చేశారో కాకతాళీయమో గానీ అదే అంకె. కథలో జోకర్‌కీ, చిక్కుప్రశ్నల విలన్ రిడ్లర్‌కీ గోథమ్ నగరం మీద పెత్తనం కోసం యుద్ధం. జోకర్‌ కారు తయారీకి సాయపడిన మామూలు మనిషి చార్లెస్ బ్రౌన్. భార్య విడిచి వెళ్లింది, తాగుడు అంటుకుంది. మిగిలింది చిన్న కొడుకు, వాడితో గాలిపటాలు ఎగరేసుకునే సాయంత్రాలు. ఇరువర్గాల మధ్యా నలిగిపోతున్న ఆ తండ్రిని దెబ్బతీయడానికి రిడ్లర్ ఆ పిల్లాడి గాలిపటం దారానికి విషం పూయిస్తాడు. పిల్లాడు చనిపోతాడు. తండ్రి ఆ గాలిపటాన్నే వేషంగా కట్టుకుని పగతో బయల్దేరతాడు. చదువరులు అంతవరకూ వెటకారంగా చెప్పుకున్న ‘హెల్ యా’ అనే ఊతపదం అసలు ఆ కొడుకుదని అప్పుడు తెలుస్తుంది.

సంక్రాంతికి మిద్దెలెక్కే మనకి ఈ కథ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. దారం ప్రాణం తీయడం మనకి కల్పన కాదు. ఈ సంచిక వచ్చిన నెలలోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నైలాన్ మాంజాను నిషేధించింది.

కింగ్ అంతటితో ఆగలేదు. యుద్ధం ముగిశాక రిడ్లర్ ఒక మాట బయటపెడతాడు. నవ్వడం మరచిపోయిన జోకర్‌ని నవ్వించడానికే ఇదంతా చేశానని, ఈ గాలిపటం మనిషే ఆ జోకని. అది విని బ్యాట్‌మ్యాన్ రిడ్లర్ మీద కత్తెత్తుతాడు. ఆ కత్తికి అడ్డుపడింది జోకర్. అరవై ఏళ్లుగా పాఠకులు కైట్ మ్యాన్‌ని చూసి నవ్విన నవ్వునే రచయిత తిప్పి మనకే చూపించాడు. ఇంత సాహసం జోకర్ గతంతో చేయనిస్తారా? పెద్ద విలన్ల వెనక కోట్ల వ్యాపారం ఉంటుంది, కాపలా ఉంటుంది. చిల్లరవాడికి కాపలా లేదు. రచయితకి స్వేచ్ఛ దొరికేది అక్కడే.

2019 చివర్లో మొదలైన ‘హార్లీ క్విన్’ కార్టూన్‌లో ఆ స్వేచ్ఛ మరో దారి పట్టింది. మాట్ ఒబర్గ్ గొంతులో కైట్ మ్యాన్ కాస్త వెర్రిబాగులవాడు, మనసు మాత్రం మెత్తన. తోటి విలన్ పాయిజన్ ఐవీతో పెళ్లి పీటల దాకా వెళ్లి, ఆమె మనసు హార్లీ మీద ఉందని గ్రహించి తనే తప్పుకుంటాడు. ఆ కార్టూన్ మొత్తంలో అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు. 2024 జులైలో అతని పేరుతోనే పది భాగాల సిరీస్ వచ్చింది. ప్రియురాలు గోల్డెన్ గ్లైడర్‌తో కలిసి నూనన్స్ అనే పాత బారు కొనుక్కుని నడుపుతుంటాడు.

అతన్ని పుట్టించిన ఫింగర్‌కి మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ గౌరవం దక్కలేదు. ఒప్పందం ప్రకారం బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తగా బాబ్ కేన్ ఒక్కడి పేరే పడేది. 1974లో ఫింగర్ పోయాక, 2015లో గానీ బ్యాట్‌మ్యాన్ కథలు ప్రచురించే డీసీ సంస్థ ఆయన పేరు చేర్చడానికి ఒప్పుకోలేదు.

న్యూయార్క్‌లో ఉన్న మనవాళ్లు ఫింగర్ పేరున్న ఆ వీధి చూడాలనుకుంటే డి రైలెక్కి కింగ్స్‌బ్రిడ్జ్ రోడ్ స్టేషన్‌లో దిగితే చాలు, పార్కు పక్కనే. ఇక్కడున్నవాళ్లు ‘ది వార్ ఆఫ్ జోక్స్ అండ్ రిడిల్స్’ అన్న నాలుగో సంపుటి వెతుక్కోండి, 25 నుంచి 32 దాకా సంచికలు అందులోనే ఉన్నాయి. పిల్లలతో కూర్చుని చూడదగ్గవి లెగో సినిమా, ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ కార్టూన్. హార్లీ క్విన్, కైట్ మ్యాన్ సిరీస్‌లు బొమ్మలే కదా అని వాళ్ల ముందు పెట్టకండి, అవి పెద్దల కోసం తీసినవి.